గళ్ళచీర, కంప్యూటరు గళ్ళు

వ్యాకరణం చెప్పుకొని ముప్పై మూడేళ్ళు బతికినవాణ్ణి. వీడియో ఫైళ్ళ గురించి రాయబూనడం చూసి నవ్వుకొనే మిత్రులుంటారని తెలుసు. నవ్వినా పరవాలేదు. యూనికోడు అలవాటు కాని రోజుల్లో ఒక్కొక్క పత్రికకు ఒక్కొక్క ఫాంటు దించుకొని, అది లేనిచోట అక్షరాలకు బదులు పిచ్చిగీతలు చూసి, 'పద్మ' వంటి ఉపకరణాలతో మార్చుకొని చదివిన తరం మనది. ఫైలు ఉంది, తెరుచుకుంది, కాని చదవరాదు అన్న అవస్థ మనకు కొత్త కాదు. వీడియోల లోకంలో అటువంటి అవస్థే ఇంకొంచెం చిక్కుముడులతో ఉంది. ఆ ముడులు విప్పుకోవడానికి నాకు ఒక ఏడాది పట్టింది. అంత పట్టుదల దేనికంటే, వాటి వెనుక పదకొండు నిమిషాల మా అమ్మ ఉంది.

మాది నారాయణపేట. 2019 ఫిబ్రవరి 17న జిల్లా కేంద్రమైంది గాని, నా ఉద్యోగమంతా ఇది మహబూబునగరు జిల్లాలో ఉన్నప్పుడే గడిచింది. కర్ణాటక సరిహద్దు పక్కనే. ఇంట్లో తెలుగు, బజారులో కన్నడం, కొన్ని ఇళ్ళలో మరాఠీ. బయటివారికి మా ఊరి పేరు చెప్పగానే చీర గుర్తుకొస్తుంది. చిన్న గళ్ళ ఒళ్ళు, దానికి ఎదురు రంగు అంచు. ఒకే పడుగు మీద వరుసగా ఎనిమిది చీరలు దించడం ఇక్కడి నేతలో చెప్పుకోదగిన విశేషం. శివాజీ దండు వెంట వచ్చి ఇక్కడే నిలిచిపోయిన నేతగాళ్ళు ఈ విద్య తెచ్చారని పెద్దలు చెప్పుకొనే కథ ఒకటుంది. కథను కథగానే ఉంచుదాం.

మాది మగ్గం ఉన్న ఇల్లు. 1996లో మా చెల్లెలి పెళ్ళి. వీడియో తీసే అబ్బాయి ముందురోజు సాయంత్రమే వచ్చాడు. ఇల్లంతా చుట్టాలు. మా అమ్మ మాత్రం గుంట మగ్గంలో కూర్చునే ఉంది. సేటుకు ఇవ్వవలసిన చీర ఇంకా అర గజం మిగిలింది, అది దిగేదాకా లేచే ప్రసక్తి లేదు. ఆ కుర్రవాడు భుజం మీది వీహెచ్‌ఎస్ కెమేరాను సరిచూసుకోవడానికి కిటికీ వెలుతురులో ఆమెను తీశాడు. పదకొండు నిమిషాలు. ఎడిటింగులో ఆ ముక్క పోయింది. పాటలు కలిపి ఇచ్చిన పెళ్ళి క్యాసెట్టులో అది లేదు. మా నాయన అడిగి తీసుకున్న ముడి క్యాసెట్టులో మాత్రం మొదట్లోనే ఉంది. 2003లో అమ్మ పోయింది. ఈ పదకొండు నిమిషాలు కాక ఆమె రూపం మాకు మిగిలింది రేషను కార్డు కోసం తీయించిన ఫోటో ఒక్కటే.

2005లో ఒక దుకాణంలో ఆ క్యాసెట్టును వీసీడీగా మార్పించాం. ఇంటికి తెచ్చి చూస్తే గళ్ళచీరలో గళ్ళు లేవు. అమ్మ చేతి కింద బట్ట అంతా ఒకే రంగు ముద్ద. ఆ ముద్ద మీద కొత్తగా పెద్ద పెద్ద చదరాలు, చెయ్యి కదిలినప్పుడల్లా పుట్టి మాయమవుతూ ఉన్నాయి. మా అమ్మ నేసిన గళ్ళు చెరిపి కంప్యూటరు తన గళ్ళు నేసింది! నాడె అయితే ఈ చివర ఒకసారి, ఆ చివర ఒకసారి కనబడుతుంది, నడుమ దాని ప్రయాణం లేదు. "పాత క్యాసెట్టు గట్లనే వస్తది సార్" అన్నాడు దుకాణదారు. క్యాసెట్టులో దోషం లేదని తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఇప్పుడు అసలు విషయం. ముందుగా తేల్చుకోవలసింది, ఫైలు పేరు చివర ఉండే ఏవీఐ, ఎంపీ4, ఎంకేవీ అన్నవి ముల్లె పేర్లు. ముల్లెలో జొన్నలున్నాయా కందులున్నాయా అన్నది ముల్లెగుడ్డను బట్టి తెలియదు. లోపల బొమ్మ ఒక మూట, ధ్వని ఒక మూట, ఒక్కోసారి ఉపశీర్షికలు ఇంకో మూట. వీటన్నిటినీ కాలక్రమం తప్పకుండా కలిపి కట్టేది ముల్లె. ఎంకేవీకి అసలు పేరు మత్రోస్కా. ఒకదానిలో ఒకటి ఇమిడే రష్యా కొయ్యబొమ్మల పేరు మీద 2002లో పుట్టింది. లోపలి బొమ్మను ఏ భాషలో రాశారన్నది కోడెక్ సంగతి. ఎంపెగ్-1, ఎంపెగ్-2, 2003లో వచ్చిన హెచ్.264, 2013లో వచ్చిన హెచ్.265, 2018 నాటి ఏవీ1, ఇవన్నీ ఆ భాషలు. మీ ఫోనులో ఒక ఎంపీ4 ఆడి ఇంకో ఎంపీ4 ఆడకపోతే ముల్లెను తిట్టకండి, లోపలి భాష రాలేదన్నమాట. ముల్లె మార్చడం క్షణాల పని, లోపలి సరుకు చెక్కుచెదరదు. భాష మార్చడం అనువాదం వంటిది, ప్రతిసారీ ఏదో ఒకటి జారిపోతుంది. ఫైలు పేరు చివరి అక్షరాలు మార్చి "కన్వర్టు చేశాను" అనేవారిని నేను ఎరుగుదును. అది ముల్లె మీద చీటీ మార్చడం మాత్రమే.

ఇక కుదింపు. ఇది నాకు తెలిసిన శాస్త్రంలాగే కనిపించి సంతోషం కలిగించింది. అర మాత్ర తగ్గితే వైయాకరణుడు కొడుకు పుట్టినంత సంబరపడతాడని నానుడి కదా. అక్షర సమామ్నాయంలో మొదటి సూత్రపు అకారం నుంచి నాలుగో సూత్రం చివరి చకారం దాకా ఉన్న అక్షరాలన్నిటికీ కలిపి పాణిని 'అచ్' అన్నాడు. ఒకటో తరగతి పిల్లవాడు అచ్చులు, హల్లులు అంటున్నాడంటే కుదించిన సంకేతాన్ని పలుకుతున్నాడన్నమాట. ఆ సంకేతం విప్పితే ఒక్క అక్షరమూ తప్పిపోదు. ఇటువంటి కుదింపును నష్టం లేనిది అందాం. సమాసానికి విగ్రహవాక్యం చెప్పి పదాలన్నీ తిరిగి రాబట్టినట్లు. రెండో రకం వేరు. భారతాన్ని పిల్లల కోసం వంద పుటల్లో సంగ్రహిస్తారు చూడండి, అది చదివితే కథ తెలుస్తుంది, కాని ఆ వంద పుటల నుంచి పద్యాలను తిరిగి పుట్టించలేము. మన ఫోన్లలో, వీసీడీల్లో, డీవీడీల్లో ఉన్న వీడియోలన్నీ ఈ రెండో రకానివే.

ఆ సంగ్రహం ఎలా జరుగుతుందంటే, మొదటి ఉపాయం అనువృత్తి. ముందు సూత్రంలో చెప్పిన పదాన్ని తరువాతి సూత్రంలో మళ్ళీ చెప్పరు, పైనుంచి తెచ్చుకోవాలి. వీడియోలోనూ అంతే. ఒక ఫ్రేమును పూర్తిగా రాస్తారు. తరువాతివాటిలో మారినది మాత్రం రాస్తారు. మగ్గం కదలదు, గోడ కదలదు, కిటికీ కదలదు. వాటిని మళ్ళీ రాయనక్కరలేదు. చెయ్యి ఎంత జరిగిందో చెబితే చాలు. పూర్తిగా రాసిన ఫ్రేము చెడితే, దాని మీద ఆధారపడినవన్నీ చెడతాయి. పై సూత్రం మరిచిన విద్యార్థి కింది సూత్రం ముందు గుటకలు మింగినట్లే.

రెండో ఉపాయం మా అమ్మ గళ్ళకు శత్రువు. బొమ్మను చిన్న చిన్న చదరాలుగా కోసి, ఒక్కో చదరంలో వెలుగునీడలు ఎంత మెల్లగా, ఎంత వేగంగా మారుతున్నాయో లెక్కగడతారు. గోడ వంటివి మెల్లగా మారతాయి. సన్నగళ్ళు, వెంట్రుకలు, నూలుపోగులు వేగంగా మారతాయి. మెల్లని మార్పులో లోపం వస్తే కన్ను వెంటనే పట్టుకుంటుంది, సన్నని మార్పు తప్పిపోతే అంతగా పట్టించుకోదు. కనుక చోటు చాలనప్పుడు మొదట సన్నవాటినే సున్నా చేస్తారు. ఈ లెక్కకు డీసీటీ అని పేరు. 1974 జనవరిలో దాన్ని ప్రకటించిన ముగ్గురు నాసిర్ అహమ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు. మొదటివారు పుట్టింది బెంగుళూరులో. మూడోవారి పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు. గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, అమెరికాలో టెక్సాస్ విశ్వవిద్యాలయపు ఆర్లింగ్టన్ శాఖలో ఆచార్యులుగా ఉండి 2021లో కాలం చేశారు. మనం చూసే ఫోటోలు, వీడియోలు దాదాపు అన్నీ ఆ మూడు పేర్లకు ఋణపడి ఉన్నాయి. మన పాఠ్యపుస్తకాల్లో ఈ పేర్లకు ఒక పేరా చోటు దొరకకపోవడం నాకు బాధ. పంతులుద్యోగం పోయినా పాఠ్యపుస్తకం మీద కోపం పోలేదు!

తప్పు లెక్కది కాదు, చోటుది. వీసీడీ ప్రమాణం 1993 నాటిది. పాత సీడీలో డెబ్బై నాలుగు నిమిషాల సినిమా పట్టాలని, బొమ్మకు సెకనుకు 1,150 కిలోబిట్లు, ధ్వనికి 224 కిలోబిట్లు అని గిరి గీశారు. బొమ్మ కొలత 352 చుక్కల వెడల్పు, 288 వరుసల ఎత్తు. సన్నగళ్ళు నిండిన బట్ట కెమేరా ముందు ఊగుతూ ఉంటే ఆ గిరిలో ఇమడదు. అందువల్ల సన్నవన్నీ సున్నా అయ్యాయి, చదరాల హద్దులు బయటపడ్డాయి. నేను చూసిన కంప్యూటరు గళ్ళు అవే.

నాడె మాయమైన సంగతి ఇంకా ఆసక్తికరం. మన దేశపు పాత టీవీ పద్ధతిలో కనిపించే వరుసలు 576. వాటిని ఒక్కసారిగా చూపరు. ముందు బేసి వరుసలు, తరువాత సరి వరుసలు, మళ్ళీ బేసి, మళ్ళీ సరి. ఇలా సెకనుకు యాభై సగాలు. మగ్గం ఎరిగినవారికి దీన్ని విడమరచి చెప్పనక్కర లేదు. సాదా నేతలో పడుగుపోగులు ఒకసారి బేసివి లేస్తాయి, ఒకసారి సరివి లేస్తాయి. ప్రతి లేపుకూ నడుమ నుంచి నాడె ఒక పేకపోగు తెస్తుంది. టీవీ బొమ్మ కూడా అలా నేసిందే. వీసీడీకి 288 వరుసలే కావాలి గనుక, ఆ మార్పిడిలో రెండో సగాలన్నీ పారేశారు. యాభై క్షణాల్లో ఇరవై అయిదు పోయాయి. నాడె ఈ చివర నుంచి ఆ చివరకు పోయే వ్యవధి ఎంతని! అది ప్రయాణించిన క్షణాలు పారేసిన సగాల్లో ఉన్నాయి. క్యాసెట్టులో మాత్రం భద్రంగా ఉన్నాయి.

ఇది తెలిసిన తరువాత క్యాసెట్టును మళ్ళీ మొదటినుంచి ఎక్కించక తప్పలేదు. వీసీఆర్లు చేసిన చివరి సంస్థ, జపానులోని ఫునాయ్, 2016 జులైలో తయారీ ఆపేసింది. పాతది ఒకటి రాయచూరులో ఒక మిత్రుని ఇంట దొరికింది. తల శుభ్రం చేయించి, ముందు పనికిరాని క్యాసెట్టు పెట్టి టేపు నలపడం లేదని చూసుకొని, అప్పుడు మాది పెట్టాం. మా తమ్ముడి కొడుకు హైదరాబాదు నుంచి కాప్చర్ పరికరం తెచ్చాడు.

బొమ్మను ఏ కుదింపూ లేకుండా పట్టుకుంటే ఎంత అవుతుందో వాడు పలక మీద లెక్కలాగా వేసి చూపించాడు. 720 చుక్కలు, 576 వరుసలు, చుక్కకు సగటున రెండు బైట్లు, సెకనుకు ఇరవై అయిదు ఫ్రేములు. గుణిస్తే సెకనుకు రెండు కోట్ల ఏడు లక్షల బైట్లు. మా పదకొండు నిమిషాలకు 13.7 జీబీ. గంటకైతే దాదాపు 75. మూడు గంటల పెళ్ళిని ఈ లెక్కన దాచాలంటే కట్నం కంటే డిస్కులకే ఎక్కువయ్యేట్టుంది.

నష్టం లేని కుదింపు ఇక్కడ ఆదుకొంది. ఎఫ్‌ఎఫ్‌వీ1 అని ఒక కోడెక్ ఉంది. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత ఉపకరణంలో భాగం. దాన్ని 2000లో ఫాబ్రిస్ బెలార్ అనే ఫ్రెంచి మేధావి ప్రారంభించాడు. ఎఫ్‌ఎఫ్‌వీ1 వివరణ 2021లో అంతర్జాల ప్రమాణ పత్రంగా వెలువడింది. గ్రంథాలయాలు, దృశ్య భాండాగారాలు వాడుతున్నది దీన్నే. మా ముక్క 13.7 నుంచి ఆరు జీబీ చిల్లరకు దిగింది. విప్పితే చుక్క చుక్కా తిరిగి వస్తుంది. ఇంకా తగ్గదా అంటే, టేపు మీది చీమలు తగ్గనివ్వవు. మనకు చీమలలాగా కనిపించే ఆ గోల ప్రతి క్షణమూ మారుతుంది, దానికి అనువృత్తి లేదు. దాన్ని కూడా పూర్తిగా రాయాలి.

"పెద్దనాయినా, ఆరు జీబీలు పెట్టుకొని ఏం జేస్తవు? అత్త ఫోన్ల ఎక్కదు గద" అన్నాడు వాడు. అత్త అంటే ఆనాటి పెళ్ళికూతురు, ఇప్పుడు షోలాపూరులో ఉంటుంది. వాడి మాట న్యాయమే. దాచుకొనే ప్రతి వేరు, పంచుకొనే ప్రతి వేరు. పూర్వం తాళపత్రానికి ప్రతి రాసేవారు మూలం పక్కన పెట్టుకొని రాసేవారు. ప్రతికి ప్రతి, దానికి ఇంకో ప్రతి అంటూ పోతే లేఖక దోషాలు పేరుకొంటాయి. అందుకే పరిష్కర్తలు అన్నిటికంటే పాత ప్రతిని వెదుకుతారు. వీడియోలోనూ సంగ్రహానికి సంగ్రహం చేస్తే ప్రతిసారీ కొత్త నష్టం కలుస్తుంది. వీసీడీని హెచ్.264గా మార్చి "క్వాలిటీ పెంచాం" అని చెప్పే ప్రకటనలు చూస్తే నవ్వు వస్తుంది. పోయిన గళ్ళు ఎక్కడినుంచి వస్తాయి? ఈ మధ్య కృత్రిమ మేధతో గళ్ళు ఊహించి గీసే ఉపకరణాలు వచ్చాయి. ఉత్తమమైన ఊహే కావచ్చు. కాని అవి మా అమ్మ నేసిన గళ్ళు కావు, నాకు వద్దు.

పంచుకొనే ప్రతికి నాణ్యత ఎంచుకోవడంలో రెండు దారులున్నాయి. సెకనుకు ఇన్ని బిట్లు అని గిరి గీయడం ఒకటి. ఇది పరీక్షలో ఏ ప్రశ్నకైనా పది వరుసలే రాయాలనడం వంటిది. నిర్వచనం అడిగితే పది వరుసలు ఎక్కువ, కవి పరిచయం అడిగితే చాలవు. రెండోది సీఆర్ఎఫ్. నాణ్యత ఇంత ఉండాలని ఒక సంఖ్య చెప్పి, ఎంత చోటు అవసరమో అంతే వాడుకోమనడం. గోడ ముందు తక్కువ, గళ్ళ దగ్గర ఎక్కువ. హెచ్.264కు వాడే ఎక్స్264లో ఈ సంఖ్య 0 నుంచి 51 దాకా ఉంటుంది. మార్కుల వంటిది కాదు, తగ్గేకొద్దీ మేలు. సున్నా అంటే నష్టం లేదు. ఏమీ చెప్పకపోతే 23 తీసుకుంటుంది. ఆరు అంకెలు తగ్గిస్తే ఫైలు సుమారు రెట్టింపవుతుంది. హెచ్.265కు వాడే ఎక్స్265లో ఏమీ చెప్పనప్పటి అంకె 28. రెండు కోడెక్‌ల అంకెలను ఒకదానితో ఒకటి పోల్చకూడదు, రెండు బడుల మార్కులు పోల్చినట్లవుతుంది. ప్రీసెట్ అనే ఇంకో మీట ఉంది, అది ఓపికను కొలుస్తుంది. 'స్లో' అంటే కంప్యూటరు ఎక్కువసేపు ఆలోచించి, దాదాపు అదే నాణ్యతను సాధారణంగా తక్కువ చోటులో ఇరికిస్తుంది. విశ్రాంత ఉద్యోగికి తొందరేమిటి, స్లో పెట్టాను.

ముందు బేసి, సరి సగాలను విడదీసి, ఒక్కొక్క సగాన్నీ ఒక పూర్తి ఫ్రేముగా సాగదీసి, సెకనుకు యాభై ఫ్రేములు చేయించాను. తరువాత అన్నిటికంటే కష్టమైన నిమిషాన్ని ఎంచుకొని మూడు రకాలుగా కుదిపించాను. అమ్మ కాస్త ముందుకు వంగి తెగిన పోగు అతికి, మళ్ళీ పన్నె దెబ్బ వేసే నిమిషం అది. 28లో పదకొండు ఎంబీ. బట్ట నిలకడగా ఉన్నప్పుడు గళ్ళున్నాయి, దెబ్బ పడగానే కరిగిపోతున్నాయి. 23లో ఇరవై నాలుగు ఎంబీ. కరగడం తగ్గింది గాని అంచు పక్కన ఇంకా ఉంది. 18లో యాభై ఎంబీ. మూలంతో పక్కపక్కన పెట్టి చూస్తే నా కళ్ళకు తేడా తెలియలేదు. శుక్లాల శస్త్రచికిత్స అయిన కళ్ళు గనుక వాడిని కూడా చూడమన్నాను. వాడూ లేదన్నాడు. అంచు ఎరుపు పక్కకు కారినట్లుండటం మాత్రం ఏ అంకెతోనూ పోదు. వీహెచ్‌ఎస్ టేపే వెలుగు కంటే రంగును చాలా మొద్దుగా దాచుకుంటుంది. అది 1996 నాడే పోయింది.

గళ్ళ ధ్యాసలో పడి ధ్వనిని మరిచేవాణ్ణేమో, చెల్లెలే గుర్తుచేసింది. మావాడు మొదట ఫోను కోసం బాగా కుదించి పంపిన ముక్క చూసి, "అమ్మ కూనిరాగం ఏదన్నా? మగ్గం సప్పుడే ఇనవడుతుంది" అని ఫోను చేసింది. అమ్మకు నేస్తూ రాగం తీసే అలవాటు. సగం కన్నడం, సగం తెలుగు. ధ్వనిని కుదించే విధానంలో ఒక కిటుకుంది. పెద్ద చప్పుడు పక్కన ఉన్న చిన్న చప్పుడు చెవికి సరిగా ఆనదు గనుక, చోటు చాలనప్పుడు ఆ చిన్నదాన్ని పొదుపు చేస్తారు. మగ్గం దెబ్బ పెద్దది, అమ్మ గొంతు చిన్నది. యంత్రం దృష్టిలో పారేయదగినది అమ్మ గొంతే. కాని కూతురి చెవి ఆ నియమానికి లొంగేది కాదు. దాచుకొనే ప్రతిలో ధ్వనిని ఏ కుదింపూ లేకుండా పీసీఎంగా ఉంచాం. పదకొండు నిమిషాలకు నూట ఇరవై ఎంబీ చిల్లర, ఆరు జీబీల పక్కన అదొక లెక్క కాదు. పంచే ప్రతిలో ఏఏసీ, 192 కిలోబిట్లు. అందులో రాగం వినిపిస్తోంది.

పంపడంలో ఒక జాగ్రత్త. వాట్సాప్‌లో వీడియోగా పంపితే అది తన ఇష్టానుసారం మళ్ళీ కుదిస్తుంది, మన 18 గంగలో కలుస్తుంది. డాక్యుమెంటుగా జతచేసి పంపితే ఉన్నది ఉన్నట్టు పోతుంది. 550 ఎంబీ ఎంపీ4 అలాగే షోలాపూరుకు చేరింది. హెచ్.264నే వాడటానికి కారణం చెల్లెలి ఇంట్లోని పాత టీవీ. దానికి హెచ్.265 రాదు. దాచుకొనే ఎంకేవీ రెండు డిస్కుల్లో ఉంది. ఒకటి నా దగ్గర, ఒకటి హైదరాబాదులో మావాడి దగ్గర. క్యాసెట్టును చివరిదాకా ఆడించి, వెనక్కు చుట్టి, బీరువాలో నిలువుగా నిలబెట్టాను.

ఆ క్యాసెట్టులో పెళ్ళి ఇంకా రెండున్నర గంటలుంది. అది కూడా ఎక్కించాం. మావాడు అంతటికీ ఒకే అంకె పెడదామంటాడు. నేను ఒప్పుకోలేదు. భోజనాల పంక్తికి 23 చాలు. వరపూజ దగ్గర మా చిన్నబావ చేసిన ఉపన్యాసానికి 28 కూడా ఎక్కువే. అప్పగింతలకు 18.